దృష్టి చెదరగొట్టే సైట్లకు తాళం: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

వెబ్‌సైట్లను ఆపే సాధనాలను పోల్చేటప్పుడు చాలామంది ఖర్చు ఎంత, ఎన్ని సైట్లను ఆపుతుంది అని చూస్తారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వేసిన తాళాన్ని వేసినవారే తీసేయాలంటే ఎంతసేపు పడుతుంది? బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) అయితే కొన్ని సెకన్లు. హోస్ట్స్ ఫైల్ (కంప్యూటర్‌లోనే ఉండే సైట్ పేర్ల జాబితా) అయితే ఒకటి రెండు నిమిషాలు. గడువు పెట్టి తాళం వేసే యాప్ అయితే ఆ గడువు తీరేదాకా కుదరదు. ఎంపిక అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. అందరికీ గట్టి తాళం అక్కర్లేదు. అవసరానికి మించి బిగించుకున్నవారు నాలుగు రోజుల్లో విసిగిపోయి మొత్తం తీసి పారేయడం మామూలే.

ముందు మీ ఇబ్బంది ఏ రకమో తేల్చుకోండి

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది చేతి అలవాటు. ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంటుంది, లేదా రాస్తున్న వాక్యం కుదరదు. ఈలోగా వేళ్లు కొత్త ట్యాబ్ తెరిచి రెండక్షరాలు కొడతాయి, మిగతా అడ్రస్ బ్రౌజరే పూర్తి చేస్తుంది. సైట్ తెరుచుకున్నాక గానీ వచ్చామన్న సంగతి తెలియదు. రెండోది తెలిసి చేసేది. బ్లాక్ పేజీ ఎదురైనా "ఐదు నిమిషాలే కదా" అనుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి తాళం తీసేస్తారు.

మొదటి రకానికి చిన్న అడ్డు చాలు. పది, ఇరవై సెకన్లు ఆగమనే పేజీ కనిపించినా చేయి వెనక్కి వస్తుంది. రెండో రకానికి ఆ అడ్డు పనికిరాదు. మీరు ఏ రకమో ఊహించుకోనక్కర్లేదు, ఒక తేలికపాటి ఎక్స్‌టెన్షన్‌ను వారం రోజులు వాడి చూడండి. బ్లాక్ పేజీ కనబడగానే ట్యాబ్ మూసేస్తున్నారంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఆ వారంలో దాన్ని పదేపదే ఆఫ్ చేశారంటే ఇంకో మెట్టు పైకి వెళ్లాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా జాబితా ఊహతో రాయకండి. బ్రౌజర్ హిస్టరీ తెరిచి గత వారం పని గంటల్లో ఏవి తెరిచారో చూడండి. సాధారణంగా అసలు సమస్య అరడజను సైట్ల దగ్గరే ఉంటుంది. వాటిని రెండు కుప్పలు చేయండి: పనికి ఎప్పుడూ అక్కర్లేనివి, అప్పుడప్పుడూ నిజంగా కావాల్సినవి. ఈ రెండో కుప్పే ఏ సాధనం కొనాలో నిర్ణయిస్తుంది, కారణం కింద చెబుతాం.

ఇంకో చిన్న పని కూడా ఇప్పుడే చేసేయండి. విండోస్‌లో క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో మొదటి అక్షరం కొట్టగానే వచ్చే సూచన మీదికి బాణం మీటతో వెళ్లి, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే ఆ సూచన పోతుంది. కొత్త ట్యాబ్‌లో కనిపించే షార్ట్‌కట్లను కూడా తీసేయండి. చేతి అలవాటు ఉన్నవారికి ఈ ఒక్క మార్పే గట్టి మేలు చేస్తుంది.

ఎక్స్‌టెన్షన్లు: సన్నటి పనికి ఇవే మేలు

ఎక్స్‌టెన్షన్‌కు పూర్తి అడ్రస్ కనిపిస్తుంది. దాని పెద్ద బలం ఇదే. అందుకే యూట్యూబ్‌లో పాఠాలు ఉంచి షార్ట్స్‌ను మాత్రమే ఆపగలదు, రెడిట్‌లో పనికొచ్చే ఒక్క విభాగాన్ని వదిలి మిగతాది మూయగలదు. హోస్ట్స్ ఫైల్, రూటర్, డీఎన్‌ఎస్ సర్వీసు (సైట్ పేరును సర్వర్ నంబరుగా మార్చేది) వంటివి డొమైన్ పేరునే, అంటే సైట్ ప్రధాన పేరునే చూస్తాయి. వాటితో యూట్యూబ్ ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. మీ రెండో కుప్పలో ఇలాంటి సైట్లు ఉంటే వాటి వరకు ఎక్స్‌టెన్షన్ తప్ప వేరే దారి దాదాపు లేదు.

ఉచితంగా దొరికేవాటిలో లీచ్‌బ్లాక్ ఎన్‌జీ మా మొదటి సలహా. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడింటికీ ఉంది, ఓపెన్ సోర్స్. 30 వరకు వేర్వేరు బ్లాక్ సెట్లు పెట్టుకోవచ్చు. ఒక్కో సెట్‌కూ దాని సైట్లు, దాని వేళలు, దాని పరిమితి ఉంటాయి. ఇలా అమర్చి మొదలుపెట్టండి:

1. మొదటి సెట్‌లో పనికి అక్కర్లేని సైట్లు రాసి, వేళల గడిలో 0900-1300, 1400-1800 అని ఇవ్వండి. ఆ గంటల్లో పూర్తిగా మూత.
2. రెండో సెట్‌లో అప్పుడప్పుడూ కావాల్సినవి పెట్టి, గంటకు 10 నిమిషాలు అని పరిమితి ఇవ్వండి.
3. రెండో సెట్‌కు డిలే పేజీ ఆన్ చేసి 20 సెకన్లు పెట్టండి. 5 సెకన్లయితే చేయి దానికీ అలవాటు పడుతుంది. 60 దాటితే ఆ ఖాళీలో ఫోన్ తీస్తారు.
4. ఒక సైట్‌ను ఆపి అందులో ఒక భాగాన్ని వదలాలంటే ఆ భాగం అడ్రస్ ముందు కూడిక గుర్తు పెట్టి అదే జాబితాలో రాయండి.
5. బ్లాక్ ఉన్న వేళల్లో ఆప్షన్లు తెరుచుకోకుండా చేసే సెట్టింగ్ ఆన్ చేయండి, లేదా పొడవైన అక్షరాల కోడ్ కొడితేనే తెరుచుకునేలా పెట్టండి.

క్రోమ్‌కు స్టేఫోకస్డ్ కూడా ఉంది. రోజుకు ఇన్ని నిమిషాలు అని అన్ని సైట్లకూ కలిపి ఒకే కోటా ఇచ్చే పద్ధతి నచ్చేవారికి అది సులువు. వేర్వేరు సైట్లకు వేర్వేరు నియమాలు కావాలంటే లీచ్‌బ్లాకే నయం.

యూట్యూబ్ విషయంలో సైట్‌ను ఆపడం కంటే సిఫార్సులను దాచడం ఎక్కువమందికి పనిచేస్తుంది. అన్‌హుక్ అనే ఎక్స్‌టెన్షన్ హోమ్ పేజీ వీడియోలను, పక్కన వచ్చే వరుసను, షార్ట్స్‌ను దాచి, వెతుకులాట గడిని మాత్రం ఉంచుతుంది. ఏ ఎక్స్‌టెన్షన్ లేకుండా ఇంకో దారి ఉంది: యూట్యూబ్ ఖాతాలో వాచ్ హిస్టరీని ఆపి, పాత హిస్టరీని తుడిచేస్తే హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది. ఇది ఖాతాకు అంటుకున్న మార్పు కాబట్టి అదే ఖాతాతో వాడే ఫోన్ యాప్‌లోనూ వర్తిస్తుంది.

ఎక్స్‌టెన్షన్లు ఎక్కడ చతికిలపడతాయో కూడా తెలియాలి. క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో, ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో మీరు అనుమతి ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్ నడవదు. ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో ఆ అనుమతి ఇవ్వాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. పక్కనున్న వేరే బ్రౌజర్ మీద దానికి పట్టు లేదు, కాబట్టి వాడని బ్రౌజర్లను తీసేయండి. తీసేయడానికి వీల్లేనిదైతే అందులోనూ ఇదే ఎక్స్‌టెన్షన్ పెట్టండి. ఇక దాన్ని ఆఫ్ చేయడానికి రెండు క్లిక్కులు చాలు. తెలిసి తాళం తీసే రకానికి ఇది తాళం వేసి చెవిని దానికే వేలాడదీసినట్టు.

హోస్ట్స్ ఫైల్: ఉచితం, అన్ని బ్రౌజర్లకూ ఒకటే

కంప్యూటర్ ఒక సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా, అంటే సర్వర్ నంబరుగా మార్చుకునే ముందు చూసే చిన్న టెక్స్ట్ ఫైల్ ఇది. విండోస్‌లో సిస్టమ్32 కింద డ్రైవర్స్ ఫోల్డర్, దాని కింద ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. మ్యాక్, లినక్స్‌లలో నేరుగా ఈటీసీ ఫోల్డర్‌లోనే. దీన్ని మార్చడానికి అడ్మిన్ హక్కులు (సిస్టమ్ సెట్టింగ్స్ మార్చగల ఖాతా హక్కులు) కావాలి. ఒక్కో వరుసలో ముందు 0.0.0.0 అని రాసి, ఒక ఖాళీ వదిలి, సైట్ డొమైన్ రాయాలి.

చేసిన మార్పు పనిచేయడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటి. నోట్‌ప్యాడ్ ఆ ఫైల్‌కు చివర టీఎక్స్‌టీ తగిలించి వేరే ఫైల్‌గా సేవ్ చేసి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సేవ్ టైప్ దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఇది రాదు. రెండోది, ఇక్కడ నక్షత్రం గుర్తు పనిచేయదు. ముందు మూడు డబ్ల్యూలు ఉన్న రూపం, లేని రూపం, మొబైల్ రూపం, పొట్టి లింకుల డొమైన్ అన్నీ విడివిడి వరుసలుగా రాయాలి. ట్విట్టర్‌ను ఆపాలంటే పాత పేరు, ఎక్స్ పేరు రెండూ ఉండాలి. మూడోది, ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రస్ పద్ధతి. నెట్ కనెక్షన్‌లో అది ఉంటే ఒక్కో డొమైన్‌కూ రెండు కోలన్లతో మొదలయ్యే ఇంకో వరుస కూడా చేర్చడం మంచిది. నాలుగోది, అప్పటికే తెరిచి ఉన్న ట్యాబ్. పాత కనెక్షన్, బ్రౌజర్ గుర్తుంచుకున్న ఐపీ కొంతసేపు నడుస్తూనే ఉంటాయి. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరిస్తే సర్దుకుంటుంది.

వీపీఎన్ లేదా ప్రాక్సీ ఎక్స్‌టెన్షన్ (నెట్ వాడకాన్ని బయటి సర్వర్ మీదుగా నడిపేవి) వాడితే పేరు వెతికే పని బయటి సర్వర్‌కు పోవచ్చు. అలాంటప్పుడు హోస్ట్స్ ఫైల్‌కు విలువ ఉండదు. దీనికి వేళలు కూడా ఉండవు, రాస్తే రోజంతా మూత. పనికి ఎప్పుడూ అక్కర్లేని సైట్లకు, ఇంట్లో కూడా వదిలించుకోవాలనుకునేవాటికి ఇది సరైన చోటు. మిగతావాటికి కాదు.

ఇలాంటిదే, అంతగా తెలియనిది ఇంకొకటి బ్రౌజర్ పాలసీ. కంపెనీలు తమ కంప్యూటర్లలో వాడేందుకు ఉన్న సదుపాయమే అయినా సొంత కంప్యూటర్‌లోనూ పెట్టుకోవచ్చు. క్రోమ్, ఎడ్జ్‌లకు విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) యూఆర్ఎల్ బ్లాక్‌లిస్ట్ అనే పాలసీ, ఫైర్‌ఫాక్స్‌కు పాలసీస్ ఫైల్‌లో వెబ్‌సైట్ ఫిల్టర్ అనే భాగం ఉన్నాయి. రెండింటిలోనూ 1,000 వరకు అడ్రస్‌లు రాయవచ్చు, మినహాయింపులూ ఇవ్వవచ్చు. ఎక్స్‌టెన్షన్‌లాగా రెండు క్లిక్కులతో పోదు, ఇన్‌కాగ్నిటోలోనూ వర్తిస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది. సైట్ లోపల పేజీ మళ్లీ లోడ్ కాకుండానే అడ్రస్ మారితే ఈ పాలసీ పట్టుకోలేదు. అంటే యూట్యూబ్ షార్ట్స్ అడ్రస్‌ను నేరుగా కొడితే ఆపుతుంది, హోమ్ పేజీలోంచి షార్ట్స్ నొక్కితే దాటిపోవచ్చు. సైట్ మొత్తాన్ని మూయడానికైతే ఇది హోస్ట్స్ ఫైల్ కంటే శుభ్రమైన పద్ధతి.

అడ్మిన్ ఖాతాను వేరు చేయడం

డబ్బు పెట్టి యాప్ కొనే ముందు ఇది ప్రయత్నించండి. హోస్ట్స్ ఫైల్ అయినా పాలసీ అయినా మార్చడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ మీ వేళ్ల కొసల్లో లేకపోతే రెండు నిమిషాల తాళం రెండు రోజుల తాళమవుతుంది. కంప్యూటర్‌లో కొత్తగా ఒక అడ్మిన్ ఖాతా సృష్టించండి. దానికి 20 అక్షరాల అర్థంలేని పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాయండి. ఆ ఖాతాతో ఒకసారి లాగిన్ అయి, పాస్‌వర్డ్ సరిగ్గా రాశారని నిర్ధారించుకున్నాకే మీ రోజువారీ ఖాతాను స్టాండర్డ్ ఖాతాగా మార్చండి. ఈ వరుస తప్పితే మీ కంప్యూటర్‌కు మీరే పరాయివారవుతారు. కాగితాన్ని లేచి వెళ్లి వెతికితే గానీ దొరకని చోట, లేదా నమ్మకమైన వారి దగ్గర పెట్టండి.

విండోస్‌లో స్టాండర్డ్ ఖాతాకు కంప్యూటర్ గడియారం మార్చే హక్కు ఉండదు. కాబట్టి గడియారాన్ని ముందుకు జరిపి వేళలను దాటే ఉపాయమూ మూసుకుపోతుంది. టైమ్ జోన్ మార్చే హక్కు మాత్రం మామూలుగా ఉంటుంది. స్థానిక సమయాన్ని చూసి వేళలు లెక్కించే సాధనాలు దానికి మోసపోతాయి. ఆఫీసు కంప్యూటర్‌లో ఈ పనులేవీ చేయకండి, అక్కడ అడ్మిన్ హక్కులు ఐటీ విభాగానివి.

గడువు తాళం యాప్‌లు

తెలిసి తాళం తీసే రకానికి వీటిని మించినవి లేవు. మ్యాక్ ఉన్నవారు ఇంకేమీ ఆలోచించకుండా సెల్ఫ్‌కంట్రోల్‌తో మొదలుపెట్టవచ్చు. ఉచితం, ఓపెన్ సోర్స్. సైట్ల జాబితా రాసి, స్లైడర్‌తో 24 గంటల వరకు గడువు ఎంచుకుని మొదలుపెడతారు. ఆ తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా, యాప్‌నే డిలీట్ చేసినా గడువు తీరేదాకా తాళం ఉంటుంది. మధ్యలో కొత్త సైట్ చేర్చవచ్చు గానీ ఉన్నదాన్ని తీయడానికి వీల్లేదు. దీని లోపం ఏమిటంటే వేళల షెడ్యూలు లేదు. ప్రతిరోజూ గుర్తుంచుకుని మీరే మొదలుపెట్టాలి, మొదలుపెట్టని రోజున అది లేనట్టే.

విండోస్‌కు కోల్డ్ టర్కీ బ్లాకర్. మ్యాక్‌కూ ఉంది. ఉచిత వెర్షన్‌లో సైట్లను గడువు పెట్టి ఆపవచ్చు. రోజువారీ షెడ్యూలు, యాప్‌లను కూడా ఆపడం డబ్బు కట్టిన వెర్షన్‌లో ఉంటాయి. నెలనెలా కాదు, ఒకసారి కడితే చాలు. ఈ వర్గంలో తాళం రకాలు ఎక్కువ ఉన్నది దీనిలోనే. వాటిలో మేం ముందు సూచించేది రాండమ్ టెక్స్ట్ తాళం. తీయాలంటే తెరమీద వచ్చే అర్థంలేని అక్షరాల వరుసను తప్పులేకుండా టైప్ చేయాలి. నిజంగా అవసరం పడితే దారి ఉంటుంది, సరదాకు తీయాలంటే విసుగు పుడుతుంది. 200 అక్షరాల దగ్గర మొదలుపెట్టి, అదీ కొట్టేస్తున్నారంటే పెంచుకోండి.

ఫ్రీడమ్ అనేది చందా పద్ధతి. దాని ప్రత్యేకత ఒక్కటే: కంప్యూటర్‌లో మొదలుపెట్టిన సెషన్ ఫోన్‌లోనూ ఒకేసారి మొదలవుతుంది. కంప్యూటర్ మూసుకోగానే ఫోన్ అందుకునేవారికి ఆ చందా గిట్టుబాటవుతుంది. ఒకే కంప్యూటర్ మీద పనిచేసేవారికి కాదు. లాక్డ్ మోడ్ ఆన్ చేయకపోతే సెషన్‌ను మధ్యలో ఆపేయవచ్చు, అందుకని ఆ సెట్టింగ్‌ను మొదటిరోజే చూసుకోండి.

ఇలాంటి యాప్‌లలో అనుమతించిన సైట్లు తప్ప అన్నీ మూసే పద్ధతి కూడా దొరుకుతుంది. పరీక్షల చదువుకు, రాతపనికి ఇది బలమైన సాధనం, కానీ తిప్పలు ఎక్కువ. ఒక సైట్ తెరుచుకోవాలంటే దాని బొమ్మలు, ఫాంట్లు, లాగిన్, క్యాప్చా వేరే డొమైన్ల నుంచి వస్తాయి. అవి జాబితాలో లేకపోతే పేజీ సగం విరిగి వస్తుంది. గూగుల్ లాగిన్ మధ్యలో అకౌంట్స్ అనే యూట్యూబ్ సబ్‌డొమైన్‌ను కూడా తాకుతుంది. యూట్యూబ్‌ను మొత్తంగా ఆపాక గూగుల్ లాగిన్ తిరుగుతూ ఉండిపోతే ముందు దీన్నే వదిలి చూడండి. ఈ పద్ధతి పెట్టుకునేవారు ముందు 15 నిమిషాల గడువుతో ఒక పూట పనిని నడిపి, ఏవి విరిగాయో చేర్చుకుని, ఆ తర్వాతే గంటల లెక్కన వేయాలి.

రూటర్, డీఎన్‌ఎస్

ఇంటి రూటర్‌లో సైట్లను ఆపడం, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద పై-హోల్ (ఇంటి నెట్‌వర్క్ అంతటికీ సైట్లను ఆపే ఉచిత ప్రోగ్రామ్) నడపడం గొప్పగా అనిపిస్తాయి గానీ, ఒక్కరి ఏకాగ్రత కోసమైతే మేం వద్దంటాం. ఇంట్లో అందరికీ సైట్ ఆగిపోతుంది. మీ ఫోన్ మాత్రం మొబైల్ డేటాకు మారిన క్షణంలో తప్పించుకుంటుంది. ఒక్క పరికరానికే నియమం పెడదామంటే ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య, మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు) బదులు మారు అడ్రస్ చూపిస్తున్నాయి. ఆ వైఫైకి ఆ సదుపాయం ఆపితే తప్ప నియమం నిలవదు. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ కింద బయటి సర్వీసును ఎంచుకున్నా రూటర్ జాబితా పక్కకుపోతుంది.

దీనికి ఒక మినహాయింపు నెక్స్ట్‌డీఎన్‌ఎస్ వంటి సర్వీసు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్‌లో దాని పేరు ఇస్తే వైఫై, మొబైల్ డేటా రెండింటిలోనూ ఫోన్‌తోపాటే వస్తుంది. బ్యాటరీ తినే యాప్ అక్కర్లేదు, సైట్‌తోపాటు దాని యాప్ కూడా ఆగుతుంది. ఉచితంగా నెలకు 300,000 ప్రశ్నల వరకు వడకడుతుంది. అది దాటాక నెట్ పనిచేస్తూనే ఉంటుంది, ఆపడం మాత్రం ఆగిపోతుంది. నెలాఖరులో "ఇది పనిచేయడం మానేసింది" అనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

ఫోన్‌ను వదిలేస్తే అంతా వృథా

కంప్యూటర్‌లో ఆపిన గంటలు ఫోన్‌లోకి మారడం ఈ ప్రయత్నాలన్నిటిలో తరచూ కనిపించే వైఫల్యం. ఫోన్‌లో యాప్‌ను ఆపితే బ్రౌజర్‌లో సైట్ ఉంటుంది, సైట్‌ను ఆపితే యాప్ ఉంటుంది. రెండూ మూయాలి.

ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్లు, ఫోకస్ మోడ్ ఉన్నాయి. టైమర్ అర్ధరాత్రి మళ్లీ మొదలవుతుంది. దాన్ని ఎవరైనా సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్షణాల్లో మార్చేయవచ్చు, కాబట్టి ఇది చేతి అలవాటు ఉన్నవారి సాధనం. ఇంతకంటే గట్టిది కావాలంటే వేరే బ్లాకర్ యాప్ పెట్టుకోవాలి. అవి యాక్సెసబిలిటీ అనుమతి మీద గానీ వీపీఎన్ పద్ధతి మీద గానీ నడుస్తాయి. మొదటి రకాన్ని చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల చంపేస్తాయి. ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు ఇవ్వండి. రెండో రకం ఆఫీసు వీపీఎన్‌తో కలిసి నడవదు, ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒక వీపీఎనే పనిచేస్తుంది. యాక్సెసబిలిటీ అనుమతి ఇస్తే ఆ యాప్ తెరమీద ఉన్నదంతా చదవగలదు. తయారీదారు ఎవరో తెలియని బ్లాకర్లకు ఆ అనుమతి ఇవ్వకండి.

ఐఫోన్‌లో 2018లో ఐఓఎస్ 12తో వచ్చిన స్క్రీన్ టైమ్ చాలు. యాప్ లిమిట్స్‌లో యాప్‌లతోపాటు వెబ్‌సైట్లనూ చేర్చవచ్చు. పాస్‌కోడ్ లేకుండా పెడితే గడువు తీరినప్పుడు "ఈ రోజుకు వదిలేయి" అనే బటన్ వస్తుంది, ఒకటి రెండు నొక్కులతో పరిమితి పోతుంది. అందుకే పాస్‌కోడ్‌ను వేరొకరి చేత పెట్టించండి. ఒక సైట్‌ను రోజంతా మూయాలంటే కంటెంట్ పరిమితుల్లో వెబ్ కంటెంట్ కింద, పెద్దల సైట్లను పరిమితం చేసే ఎంపిక తీసుకుని, ఎప్పుడూ అనుమతించకూడని జాబితాలో ఆ సైట్‌ను చేర్చాలి. దీనితో సఫారీ ప్రైవేట్ బ్రౌజింగ్ కూడా మూసుకుపోతుంది, అది మనకు లాభమే.

ఏది ఎవరికి

చేతి అలవాటు, ఒకే కంప్యూటర్: లీచ్‌బ్లాక్, 20 సెకన్ల డిలే, అడ్రస్ బార్ సూచనల తొలగింపు. ఖర్చు లేదు, అరగంట పని. యూట్యూబ్ పనికి కావాల్సినవారు దీనికి అన్‌హుక్ కలుపుకోవాలి.

తాళం తామే తీసుకునేవారు, మ్యాక్: సెల్ఫ్‌కంట్రోల్. విండోస్: ముందు పాలసీ జాబితాతో వేరు చేసిన అడ్మిన్ ఖాతా, వేళలు కావాలనుకుంటే కోల్డ్ టర్కీ. లినక్స్ వాడేవారికి హోస్ట్స్ ఫైల్, వేరే అడ్మిన్ పాస్‌వర్డ్ కలిపితే సరిపోతుంది.

రెండు మూడు పరికరాల మధ్య తిరిగేవారు: ఫ్రీడమ్, లేదా కంప్యూటర్‌కు ఒకటి, ఫోన్‌కు ఒకటి విడిగా. విడిగా పెడితే రెండింటి వేళలూ ఒకటే ఉండేలా చూసుకోవాలి.

గట్టి తాళం ఏదైనా మొదటిసారి వేసేటప్పుడు గడువు 15 నిమిషాలు దాటనివ్వకండి. ఆ 15 నిమిషాల్లో మెయిల్, బ్యాంకు, ఓటీపీ వచ్చే యాప్, మ్యాప్, ఆఫీసు మీటింగ్ లింకు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఏది ఆగినా దాని డొమైన్‌ను మినహాయింపుల్లో చేర్చి మళ్లీ 15 నిమిషాలు నడపండి. అన్నీ తెరుచుకున్నాక గంటన్నర, ఆ తర్వాత సగం రోజు. రెండు వారాలకోసారి బ్రౌజర్ హిస్టరీ మళ్లీ తెరవండి. మూసిన సైట్ల స్థానంలో వార్తల సైట్ గానీ, ధరలు చూసే షాపింగ్ సైట్ గానీ కొత్తగా పైకి వచ్చి ఉంటే దాన్ని కూడా జాబితాలో చేర్చండి.